సప్పుడు లేని పొయ్యి

బెల్లంపల్లి
12 నవంబరు 1966

అంతయ్య బావకు,
నీ చెల్లె దేవవ్వ పెనిమిటి రాయమల్లు రాసేది.

ఇక్కడ ఇద్దరం మంచిగనే ఉన్నం. దేవవ్వ నిన్నూ శంకరవ్వక్కనూ రోజూ యాది చేస్తది. ఒక సంతోషమైన ముచ్చట ఉండి రాస్తున్న.

మా బొగ్గుబాయి ఆఫీసర్ల బంగళాలకు నెలకొకపారి పట్నం నుంచి లారీల వంటగ్యాసు సిలిండర్లు వస్తున్నయి. స్టోర్ల వాటిని దించుకొని రిజిస్టరుల రాసుకునేది నేనే. మేనేజరు సాబు దయతోని ఆ పట్టీల నా పేరు గూడ ఎక్కింది. మా క్వార్టర్ల లైనుల బొగ్గు పొయ్యి తీసేసి గ్యాసు పొయ్యి పెట్టెటోళ్లల్ల నేనే మొదటోణ్ని.

గ్యాసు కంపెనోళ్లిస్తరు. పొయ్యి మాత్రం మనమే కొనుక్కోవాలె. మేనేజరు సాబు వంటింట్ల ఉన్నది చూసిన. పైన నాలుగు మంటలు, కింద రొట్టెలు కాల్చే బట్టీ, దానికి అద్దం తలుపు. అంత తెల్లటి ఎనామిలు. ముట్టుకుంటె మాసిపోతదేమో అన్నట్టున్నది. అసొంటిదే తీసుకుందామని నా మనసుల ఉన్నది. నువ్వు ముప్పై ఏండ్ల సంది పెండ్లిళ్లకు పెట్రోమాక్స్ గ్యాస్ లైట్లు కిరాయికిచ్చి, మందికి స్టవ్వులు బాగుచేసి బతికినోనివి. మంట సంగతి నీకంటె ఎరుకైనోడు మన సుట్టాలల్ల లేడు. ఏం చూసి కొనాలె, దేన్ని కొనొద్దు, జర జల్ది రాయి.

రాయమల్లు

*

జగిత్యాల
కార్తీక పున్నం ఎల్లిన తెల్లారి

బంగళ రాయమల్లు బావకు,
దీపాల అంతయ్య రాసేది.

నీ ఉత్తరం శంకరవ్వకు సదివి వినిపిచ్చిన. 'నాలుగు మంటలు' అన్నకాడ ఒకపారి, 'అద్దం తలుపు' అన్నకాడ ఇంకోపారి నవ్వింది. నా పెండ్లాన్ని నవ్విచ్చుడు ముప్పై ఏండ్ల సంది నాతోని కాలే. గందుకు నీకు శనార్తి.

మీరు ఇద్దరు మనుషులు. ఒక కుండల అన్నం, ఒక గిన్నెల పప్పు. మిగిలిన రెండు మంటల మీద ఎవలు వండుతరు? మేనేజరు సాబు లుంగి కట్టుకొని వస్తడా? ఇగ ఆ బట్టీల ఏం కాలుస్తరు? మా చెల్లె జొన్నరొట్టె పెనం మీద ఏసి, రెండు నిమిషాలల్ల తీసి, నీ మొఖాన పెడుతది. దాన్ని అద్దాల అల్మారల పెట్టి తలుపేసి, ఎప్పుడు కాలుతదా అని ముంగట కుర్చీ ఏసుకొని కూసుండదు.

తెల్ల ఎనామిలు అన్నవ్ గనుక ఒక ముచ్చట యాదికొచ్చింది. రాయకుంటె నాకు అన్నం అరగదు. నిజాం జమానల కోరుట్ల దిక్కు ఒక దొర ఉండె. పేరెందుకు, ఎన్నడో పోయిండు. ఆయన బొంబాయి నుంచి ఒక తెల్ల బీరువ తెప్పిచ్చిండు. కింద గ్యాసునూనె దీపం, అదే కిరోసిన్‌ది, ఎలుగుతది, పైన నీళ్లు గడ్డ కడుతయి. మంట పెడితె సల్లబడే పెట్టె! దాని వత్తి కత్తిరిచ్చేటందుకు నాకు బండి కట్టి పంపెటోళ్లు. అంత తతంగం చేసి దొర అండ్ల ఏం పెట్టిండో ఎరుకేనా? తమలపాకులు, తన కొత్త చెప్పులు. చెప్పులు సల్లగుంటె అరికాళ్ల మంటలు తగ్గుతయని ఎవడో హకీము చెప్పిండట. పోలీసు యాక్షన్ నాడు దొర పట్నం ఉరికిండు. ఊరోళ్లు గడి తలుపులు పలగ్గొట్టిండ్రు. బంగారమంత గీ తెల్ల పెట్టెలనే దాసిపెట్టిండని నలుగురు గడ్డపారలతోని పెకిలిచ్చి చూస్తె, వాడిపోయిన ఆకులు, కిర్రు చెప్పులు. ఎనామిలు మీద నా అభిప్రాయం ఆ పొద్దు ఖాయమైంది. ఇంక మారలే.

బావ, పొయ్యి వండుకునేటందుకు. పదిమంది వచ్చి చూసేటందుకైతె ఒక పటం కొని గోడకు తగిలిచ్చుకో, అగ్వకొస్తది. నిజంగనే కొనేటట్టుంటె పట్నం పోయి నాలుగు దుకాణాలు తిరుగు. ఏమేం చూసినవో రాయి. అప్పటిదాంక మేనేజరు బంగళ దిక్కు పోకు, కండ్లు ఖరాబైతున్నయి.

అంతయ్య

*

బెల్లంపల్లి
9 జనవరి 1967

అంతయ్య బావకు,

నీ ఎక్కిరింతలు అందినయి. నేను అడిగింది పొయ్యి గురించి. నువ్వు రాసింది దొర చెప్పుల గురించి. దుకాణం ముంగట కూసుండి వచ్చెపోయెటోళ్లకు కథలు చెప్పి చెప్పి, ఒక సవాలుకు ఒక జవాబు ఇచ్చే అలవాటే నీకు పోయింది. కోపానికి రాకు బావ, కరెంటు వచ్చినంక నీ లైట్లను అడిగెటోళ్లు ఎంతమంది? పండుగలకు కొండికి ఏలాడదీసుకొని నువ్వే చూసుకుంటున్నవని శంకరవ్వక్క దేవవ్వకు రాసింది. లోకం ముంగటికి పోతున్నదంటె నీకు నవ్వు. నవ్వుకో.

స్టోరు పని మీద పట్నం పోయిన. ఆబిడ్స్ కాడ, మాకు సిలిండర్లు పంపే గ్యాసు దుకాణంల మూడు తీర్ల పొయ్యిలు చూసిన. ఒకటి నాలుగు మంటల బట్టీది, నేను ముందుగాల రాసిన అసొంటిదే. రెండోది పోత ఇనుముది, రెండు మంటలు. నల్లగ బర్రె పండుకున్నట్టు ఉన్నది. ఎత్తబోతె నా నడుం పట్టింది. మూడోది రేకుది, రెండు మంటలు, చిలుకపచ్చ రంగు. ముద్దుగున్నది, ఒక్క చేత్తోని లేపిన. రేకుదే మస్తు పోతున్నదని దుకాణపాయన అన్నడు.

వీట్ల ఏది తీసుకోవాలె? ఈసారన్న కథలు లేకుండ రాయి. నాకు తొందరున్నది. ఎండకాలంలనే పొయ్యి ఇంట్ల పడాలె.

దేవవ్వకు చలికి జర దగ్గున్నది. ఫికర్ లేదు.

రాయమల్లు

*

జగిత్యాల
30 జనవరి 1967

స్టోరు సాబు బావకు,
లైట్లు కొండికి ఏలాడదీసుకున్న అంతయ్య రాసేది.

రేకుది మస్తు పోతున్నదంటె మస్తు మంది మోసపోతున్నరని లెక్క. దుకాణపోడు నీకు అబద్ధం చెప్పలే. నువ్వే వినుడు తప్పు విన్నవ్.

పొయ్యిని ముంగటి నుంచి చూడకు. అంగట్ల బర్రెను కొనెటోడు కొమ్ముల రంగు చూస్తడా? పొదుగు కిందికి వంగుతడు. నువ్వూ వంగు. పొయ్యిని బోర్లెయ్యమను. 'ఎందుకు' అని దుకాణపోడు అడిగితె ఆ దుకాణమే ఇడిసిపెట్టు. మంట వచ్చే బిళ్ల ఇత్తడిదా, రేకుదా? రేకుదైతె ఒక్క పప్పు పొంగుకే తుప్పు పడుతది. పప్పు పొంగని ఇల్లు నేనింక చూడలే. నాలుగు కాళ్లు నేలకు ఆనుతున్నయా? ఒక కాలు ఎగిరితె మసిలే గంజి నీ కాళ్ల మీద పడదు, నా చెల్లె కాళ్ల మీద పడుతది. గ్యాసు పెంచే చెవి తిప్పి చూడు, బిగువుగ తిరగాలె. మొదటి పొద్దే వదులుగ తిరిగిందంటె ఏడాదికి గ్యాసంత ఇల్లు నింపుతది. రబ్బరు పైపును వేలికి చుట్టు. పగులు కనబడితె ఆడనే ఇసిరెయ్.

పోత ఇనుముది ఎత్తబోతె నడుం పట్టిందంటివి. అదే తీసుకో. పొయ్యి రోజూ ఎత్తి దించే సరుకు కాదు. ఇగ నీ నడుం అంటవా, అది రిజిస్టరు ఎత్తినా పడుతది.

ఇది పొయ్యి సంగతి అయిపోయింది. ఇగ ఇంకో సంగతి. మేనేజరు ఎనామిలు గురించి నువ్వు వల్లిచ్చి వల్లిచ్చి రాసినవ్. నా చెల్లె దగ్గు గురించి రెండు ముక్కలు రాసినవ్. మా అవ్వ పోయినప్పుడు దేవవ్వకు ఆరేండ్లు. నా దుకాణంల గ్యాసునూనె డబ్బాల నడుమ పెరిగింది. దాని తుమ్ము గూడ నాకెరుక. 'ఫికర్ లేదు' అని ఎవడన్న రాసిండంటె నాకు ఆడికెళ్లే ఫికర్ మొదలైతది. నిజం రాయి.

అంతయ్య

*

బెల్లంపల్లి
14 మార్చి 1967

అంతయ్య బావకు,

నిజం రాయమన్నవ్. రాస్తున్న.

దగ్గు చలికి వచ్చింది కాదు. మూడేండ్ల సంది ఉన్నది. మా లైనుల ఇండ్లన్నిట్ల బొగ్గే కాలుస్తరు. బాయోళ్లు ఉత్తగనే ఇస్తరాయె. పొద్దుగాల అది అంటుకునేదాంక అర్ధగంట పొగ. ఎండకాలం కుంపటి బయట పెడుతరు. వానకాలం లోపల పెట్టుకోవాలె. దేవవ్వ గొట్టంతోని ఊదుతది, దగ్గుతది, మళ్ల ఊదుతది. పోయిన ఏడు వానలల్ల ఒకపారి పొయ్యి కాడనే ఒరిగింది. మంచిర్యాల డాక్టరు కాడికి తోలుకపోయిన. ఆయన గొట్టం పెట్టి విని, "వచ్చే వానకాలం గూడ పొగల కూసున్నదంటె ఆ పై వానకాలానికి ఊపిరి మిగలదు" అన్నడు.

నీకెందుకు రాయలేదంటవా? రాస్తె బండి కట్టుకొని వచ్చి చెల్లెను తోలుకపోతవని. 'గింత బొగ్గు పొగల నా చెల్లెను పెట్టినవా' అని నలుగుర్ల అంటవని. బంగళ సోకుకు కొంటున్నడని నువ్వు నవ్వితె నవ్వుడే నయమనిపిచ్చింది. పేరు పట్టీల ఎక్కిచ్చుకునేటందుకు మేనేజరు సాబు ఇంటి సుట్టు ఎన్ని దినాలు తిరిగిన్నో నాకే ఎరుక.

పోత ఇనుముదే తెచ్చిన. బోర్లేసి చూసిన. దుకాణపాయన ఎందుకని అడగలే. మా పక్కింటి హనుమండ్లు బాయిల పైపులు బిగిచ్చే ఫిట్టరు. మంచోడు, రబ్బరు పైపు ఆయనే బిగిచ్చిండు. సిమెంటు గద్దె గూడ కట్టిపిచ్చిన, కొలతకు కొలత మేనేజరు సాబు వంటింట్ల ఉన్నట్టు. మంట నీలంగ వస్తున్నది. నాలుగు రోజుల సంది దేవవ్వ పొగ లేకుండ వండుతున్నది.

ఉగాదికి అక్కనూ నువ్వూ వచ్చి చూడాలె.

రాయమల్లు

*

జగిత్యాల
20 ఏప్రిల్ 1967

రాయమల్లు బావకు,
మంచిగ చేరినం. పెద్దపల్లి దాంక రైలుల నిలబడే వచ్చినం. శంకరవ్వ నీ ఇంటి ఉగాది పచ్చడి గురించి ఇప్పటిదాంక చెప్తనే ఉన్నది. నేను వింటలే.

దేవవ్వ మొఖం చూసి నా పానం కుదుటపడ్డది. ఆ ఒక్క ముచ్చటకు నిన్ను మెచ్చుకుంటున్న. మళ్ల మళ్ల మెచ్చుకునేది లేదు, దాసిపెట్టుకో.

పొయ్యి ఇనుము నేను చెప్పిందే గనుక దానికి వంక లేదు. మంటనే నాకు సహించలే. మంట అంటె జర మాట్లాడాలె బావ. నా గ్యాస్ లైటును పంపు కొట్టి ఎలిగిచ్చిన్నంటె సుయ్యిమని నాలుగిండ్ల అవతలికి వినిపిస్తది. చీకట్ల దూరంకెళ్లి వచ్చేది ఎవని లైటో సప్పుడు విని చెప్త. నీ పొయ్యి మంటకు నోరే లేదు. దొర ముంగట నౌకరు నిలబడ్డట్టు నీలంగ, పిరికిగ నిలబడ్డది. ఎలుగుతున్నదా లేదా అని రెండుమార్లు చెయ్యి పెట్టి చూసిన. మీరంత బుగ్గ గుడికి పోయిన పొద్దు దాని ముంగట ఒక్కణ్నే కూసున్న. గింతెడు మంటకు గంత లారీ, గంత పట్టీ, గంత మేనేజరు!

ఇప్పుడు ఎట్ల ఎలుగుతున్నదో రాయి.

అంతయ్య

*

బెల్లంపల్లి
18 జూన్ 1967

అంతయ్య బావకు,

పరేషాన్‌ల ఉండి రాస్తున్న. మీరు పోయిన వారం పది రోజులకు గిన్నెల అడుగులు నల్లబడుడు మొదలైంది. దేవవ్వ ముందుగాల నాకు చెప్పలే, బూడిదతోని తోముకుంట ఊకున్నది. ఇప్పుడు మంట నీలం లేదు. పసుపుపచ్చగ, వత్తి పెంచిన కందిలి తీరు నాలుకలు చాపుతున్నది. గద్దె ఎనుక గోడంత మసి. వానలు పడ్డయి, కిటికీ తెరువరాదు. దగ్గు మళ్ల మొదలైంది. బొగ్గు పొయ్యి నాటి దగ్గు కంటె బలంగున్నది.

నాకైతె హనుమండ్లు మీదనే అనుమానం. ఆయన తప్ప దాన్ని ముట్టినోడు లేడు. మొన్న వాకిట్ల నిలబెట్టి అడిగిన. ఏమన్నడో తెలుసా?

"బాయి కింద మూడొందల మందికి గాలి పోయే పైపులు బిగిస్త నేను. నీ చాయ్ పొయ్యి ఖరాబు చేసేటంత తీరిక నాకున్నదా?"

"తీరిక లేకనే సరిగ బిగియ్యలే" అన్న.

"అయితె పో, మేనేజరు సాబును పిలుసుకచ్చి బిగిపిచ్చుకో" అన్నడు.

ఇంక శాన అనుకున్నం. లైనుల అందరు చూసిండ్రు. ఇప్పుడు రెండిండ్ల నడుమ మాటల్లేవు. ఆయన పెండ్లాం దేవవ్వను చూసి మొఖం తిప్పుకుంటున్నది.

నువ్వు తొమ్మిది రోజులు ఆ మంటను చూసినవ్. ఏమై ఉంటది? నీకు తోచింది రాయి, ఎక్కిరిచ్చుకుంటనన్న రాయి.

రాయమల్లు

*

జగిత్యాల
29 జూన్ 1967

రాయమల్లు బావకు,

కంపెనోళ్లు దొంగలు. మొదట మంచి గ్యాసు ఇచ్చి, మనిషి మరిగినంక పాడు గ్యాసు నింపుతరు. పట్నం సరుకు గంతే. పొయ్యి తీస్కపోయి దుకాణపోని మొఖాన కొట్టు. హనుమండ్లును ఏమనకు. దేవవ్వను జగిత్యాలకు తోలియ్యి, వానలు ఎల్లేదాంక ఇక్కడుంటది.

పని ఉన్నది. ఎక్కువ రాయలేను.

అంతయ్య

*

బెల్లంపల్లి
20 జూలై 1967

అంతయ్య బావకు,

నీ ఉత్తరం అర్ధ పేజీల అయిపోయింది. అండ్ల ఒక్క కథ లేదు. పానం మంచిగున్నదా అని దేవవ్వ అడుగుతున్నది. జగిత్యాలకు రానన్నది. "బస్సుల గంతసేపు కూసుంటె ఆడికి చేరేది నేను కాదు" అన్నది.

పొయ్యి పట్టుకొని పట్నం పోయిన. దుకాణంల లొల్లి పెట్టిన. గట్టిగ, నలుగురు జమయ్యేటట్టు. దుకాణపాయన మేస్త్రీని పిలిచి పొయ్యి బోర్లేపిచ్చిండు. మంట బిళ్ల కింద ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటది, దాని నడుమల గ్యాసు వచ్చే సన్న బెజ్జం. అది ఊడదీసి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నడు. చూసిన. కొత్త ముక్కల బెజ్జం గుండ్రంగున్నది. నా దాంట్ల రెండింతలైంది, మూడు మూలలు వడ్డది.

"మూడు పలకల ఉక్కు సూదితోని తిప్పిండ్రు" అన్నడు మేస్త్రీ. "బెజ్జం పెద్దగైతె గ్యాసు ఎక్కువొస్తది, గాలి చాలది, మంట పచ్చగై మసి కక్కుతది. గసొంటి సూది గ్యాస్ లైట్లోళ్ల కాడ ఉంటది. మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

లేరన్న.

సిలిండరు ఆపిండ్రు. గెలికిన పొయ్యికి గ్యాసు ఇచ్చి ఇల్లు కాలితె మాట వాళ్ల మీదికొస్తదట. సూది పెట్టినోడు ఎవడో, ఎట్ల పెట్టిండో, ఇంక ముట్టనని తన చేత్తోని రాసి దస్కతు పెట్టి పంపాలె. అప్పుడే కొత్త ముక్క, అప్పుడే సిలిండరు. నేను రాసిస్త అంటె, "నువ్వు పెట్టలేదు గద" అన్నడు.

దేవవ్వ మళ్ల బొగ్గు పొయ్యి కాడ కూసున్నది. ముసురు పట్టి ఎనిమిది రోజులాయె, కుంపటి లోపలనే. డాక్టరు ఇంట్లకే వచ్చి పోయిండు.

బావ, హనుమండ్లు కాడ గసొంటి సూది లేదు. నేను నిన్ను ఏమంటలే. అడుగుతున్న.

రాయమల్లు

*

జగిత్యాల
24 జూలై 1967

రాయమల్లుకు,

నేనే.

మీరు గుడికి పోయిన పొద్దు చేసిన. లైటుకు సప్పుడే పానం. సప్పుడు తగ్గిందంటె బెజ్జం పూడుకుపోయిందని లెక్క. ముప్పై ఏండ్లు గదే లెక్కతోని బతికిన. నీ పొయ్యి సప్పుడు చెయ్యకుంటె, కొత్తదైనా మురికి పడ్డదనుకున్న. సంచిల సూది ఉండె. సూది లేకుండ నేను అంగటికి గూడ పోను. పెట్టి నాలుగుసార్లు తిప్పిన. ఒక మంట ఎలిగిచ్చి చూస్తె జర సుయ్యిమన్నది. రెండోదానికి గూడ పెట్టిన. కంపెనోని తెలివి కంటె నా సూది తెలివి పెద్దదని మీసం దువ్వుకున్న. మీరు వచ్చినంక చెప్దామనుకున్న. మళ్ల, చెప్పకుండ ఉంటెనే గొప్పగుంటదనుకున్న.

మంట పచ్చగైందని జూన్‌ల నువ్వు రాసినవ్ సూడు, ఆ పొద్దే నాకు సమజైంది. బెజ్జం ఎడల్పైన లైటు గట్లనే మసి కక్కుతది. గసొంటి ముక్కలు నా చేత్తోని ఎన్ని పారేసిన్నో. అన్ని తెలిసి నీకు కంపెనోడు దొంగ అని రాసిన. ఉత్తరం మూస్తుంటె శంకరవ్వ అడిగింది, "ఏం రాసినవ్?"

"కంపెనోడు దొంగ అని."

"కంపెని నీదేనా?" అన్నది. ఆమెకు సూది సంగతి నేను చెప్పలే. నా మొఖం చూసే అడిగింది.

మందిని ఎక్కిరిచ్చుడు నాకు సులువు. అద్దం తలుపు, తెల్ల ఎనామిలు, నీ నడుం. గా ఎక్కిరింత నడుమ నేను చేసిన పని కనబడకుండ పోతదనుకున్న. నెల దినాలు నేను నోరు మూసుకున్న, నా చెల్లె ఊపిరి ఆడక తండ్లాడింది. దీనికి ఏ కథా ముడిపెట్టరాదు. రాయబోతె రాలే.

కింది కాగితం దుకాణంల ఇయ్యి. ఇచ్చే ముందు హనుమండ్లు వాకిట్ల నిలబడి గట్టిగ సదువు, లైనుల అందరు వినాలె. నువ్వు సదువనంటె నేనే వస్త.

అంతయ్య

'గ్యాసు దుకాణం సేటు గారికి. జగిత్యాల గ్యాస్ లైట్ల మేస్త్రీ అంతయ్య రాసిచ్చిన కాగితం ఏమనగ, బెల్లంపల్లి రాయమల్లు ఇంట్ల ఉన్న రెండు మంటల పొయ్యి బెజ్జాలను, ఎవరూ చెప్పకుండ, ఎవరూ చూడకుండ, మూడు పలకల సూదితోని నేనే ఎడల్పు చేసిన. అది బాగు చేసుడు అనుకున్న. నాకు గ్యాసు పొయ్యి సంగతి తెల్వదు. తెల్వదని నాకు తెల్వకుండె. పైపు బిగిచ్చిన హనుమండ్లు తప్పు ఏం లేదు. ఇంటామె నా తోడవుట్టింది. ఆమె పొగల కూసోవద్దు, కొత్త ముక్కలు జల్ది ఇయ్యుండ్రి. ఇంక ఆ పొయ్యిని నేను ముట్టను. మీరు గూడ పొయ్యి అమ్మినప్పుడు మూతి మీద రంగు చూపుడు బందువెట్టి, లోపల ఏది ముట్టొద్దో అది చెప్పుండ్రి. చెప్పినా నేను వినకపోదును, అది వేరే సంగతి. అంతయ్య, దస్కతు.'

*

బెల్లంపల్లి
19 ఆగస్టు 1967

అంతయ్య బావకు,

కొత్త ముక్కలు పడ్డయి, సిలిండరు వచ్చింది. దుకాణపాయన నీ కాగితం రెండుసార్లు సదివిండు. చివరి మాట కాడ నవ్వి, అద్దం కట్టిపిచ్చి గోడకు పెట్టుకుంటనన్నడు. బావ, పటాల గురించి నన్ను ఎక్కిరిచ్చినవ్. ఇప్పుడు నువ్వే పటమైతున్నవ్.

హనుమండ్లు వాకిట్ల నిలబడి సదివిన. ఆయన మంచం మీదికెళ్లి లేవలే. అంత విన్నంక అన్నడు, "మీ బావ చేసిండు, ఒప్పుకున్నడు. నువ్వు చూడకుండనే అన్నవ్. కాగితం నువ్వు గూడ రాయాలె." రాసిచ్చిన. మడిచి జేబుల పెట్టుకొని, పానా తీసుకొని వచ్చి ముక్కలు బిగిచ్చిండు. మంట నీలంగున్నది. సప్పుడు లేదు. నీకు నచ్చది.

పదిహేను దినాలాయె. డాక్టరు మొన్న విని, ఊపిరిల ఈల తగ్గింది, ఇంక మందు తాగాలె అన్నడు.

నిన్న దేవవ్వ మక్కగారెలు చేసింది. ముప్పై దాంక అయితయి. నేను గడప కాడ కూసుండి ఎప్పుడు దగ్గుతదా అని చెవి పెట్టుకున్న. దగ్గలే. చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని వచ్చి నా మీద పడ్డది.

"ఇద్దరు మగోళ్లు, తొమ్మిది నెలలు, ఉత్తరం మీద ఉత్తరం. బోర్లెయ్యాల్నట, వంగాల్నట, ఎత్తి చూడాల్నట. వండేదెవలు? ఒక్కడన్న నన్ను అడిగిండా? గద్దె మేనేజరు పెండ్లాం ఎత్తుకు కట్టిపిచ్చినవ్, ఆమె తాటిచెట్టంత ఉంటది. నేను పీటెక్కి పప్పు కలుపుతున్న, పీట జారితె పప్పుల పడేది నేను. ఎన్నడన్న కండ్లకు ఆనిందా? మా అన్నకు సప్పుడు లేదట! ఆయనకేనా చెవులు, నాకు లెవ్వా? మంట పచ్చగైందని నేను చెప్తె, ఆయనకు ఉత్తరం రాస్తివి, జవాబు వచ్చేదాంక కూసుంటివి. హనుమండ్లును నడిబజార్ల అంటివి, ఇప్పుడు వాళ్ల బాయికి నీళ్లకు పోవాలంటె నా కాళ్లు ఆడుతలెవ్వు..."

గిట్ల మొదలైంది. నన్ను అన్నది, నిన్ను అన్నది, మేనేజరును, ఆయన పెండ్లాన్ని, దుకాణపాయనను, డాక్టరును అన్నది. మా అవ్వ ఇరవై ఏండ్ల కింద ఆమెను అన్న మాట ఒకటి తీసింది.

బావ, మూడేండ్ల సంది ఆమె నన్ను తిట్ట మొదలుపెడితె నడుమలనే దగ్గు వచ్చేది. తిట్టు ఆడనే ఆగిపోయేది, నేను తప్పిచ్చుకొని స్టోరుకు పోయేది. సగం తిట్లకే అలవాటు పడ్డ. మొదట్ల మంచిగనే ఉండె, అబద్ధమెందుకు.

నిన్న డ్యూటీ యాల్లయినా పోలే. గోడకు ఆనుకొని నిలబడ్డ. అర్ధగంట తిట్టింది. మొత్తం విన్న. నడుమల ఒక్కపారి గూడ ఆగలే.

రాయమల్లు